పాతబడి వీధిలో పార్కింగ్

“ఆ పాతబడి వీధిలో పోవద్దు రజినీ. చుట్టు తిరిగినా పర్వాలేదు, పెద్ద రోడ్డు మీదనే పో. ఆ సందులో ఏదో ఒక పొద్దు ఎవురో ఒకరు పోతారు. నా మనసు చెప్తాంది.”

“నీ మనసు ఏ పొద్దు మంచి చెప్పింది మా? పెద్ద రోడ్డంటే లారీలంటావు. సందంటే కార్లంటావు. ఆకాశంలో పోవాల్నా?”

“హెల్మెట్ బకిల్ పెట్టుకో.”

“పెట్టుకున్యా.”

“సప్పుడు రాలే.”

రజిని బకిల్ ఊడదీసి, తల్లి చెవికి వినపడేటట్టు మళ్ళీ టక్కుమని పెట్టింది. స్కూటీ మలుపు తిరిగింది.

ఆ శబ్దం పూర్తిగా పోయేదాకా హెలెన్ గేటు పట్టుకొని నిలబడింది. ప్రొద్దుటూరులో ఆమె ఏఎస్ఐ. సర్వీసులో రోడ్డు మీద పడినవాళ్ళను ఎంతమందిని లేపిందో లెక్కలేదు. అందుకే కూతురు బండెక్కిన ప్రతిసారీ ఆమెకు ముందు ఆసుపత్రి కనపడుతుంది. తర్వాతే కోచింగ్ సెంటరు.

ఆదివారం. ఉదయం ఆరూ పది. నిన్న సాయంత్రం దంచికొట్టిన వానకు గుంతల్లో నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి.

ఆరూ నలభైకి ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి.

“మేడం, పాతబడి వీధిలో యాక్సిడెంట్. శానా సీరియస్.”



“ఆడా, మొగా?”

“మొగ మేడం. ముసలాయన.”

“స్తోత్రం ప్రభువా,” అనేసింది నోరు, ఆమెను అడగకుండానే.

“సాలోమోను సారు మేడం. రిటైర్డ్ టీచరు.”

ఆ స్తోత్రం నోట్లోనే చేదైపోయింది. మూడో తరగతిలో హెలెన్‌కు ఎక్కాలు నేర్పింది సాలోమోను సారే.

*

పాతబడి వీధి జమ్మలమడుగు రోడ్డు నుంచి బజారుకు అడ్డదారి. రెండు పక్కలా కార్లు పెట్టుకుంటారు. నడుమ మిగిలేది ఒక ఆటో పట్టేంత జాగా. ఆ జాగాలోనే పిల్లలు బడికి పోవాలి. ముసలివాళ్ళు నడవాలి. సిగ్నల్ తప్పించుకునేవాళ్ళు దూసుకుపోవాలి.

నెల కిందట బడి వరండాలో వార్డు మీటింగ్ జరిగింది. సాలోమోను సారు ఏడాది పాటు చెప్పులరిగేలా తిరిగి పెట్టించిన మీటింగ్ అది. పోలీసుల తరఫున హెలెన్ పోయింది. బడి గేటు ముందర స్పీడ్ బ్రేకరు వేయాలి, దానికి రెండు పక్కలా బండ్లు పెట్టకూడదు అని తీర్మానం. అందరూ చేతులెత్తారు. బడికి ఎదురింటి ఆదినారాయణ కూడా ఎత్తాడు. వేముల ఊరి పక్కన చీనీకాయల తోటలున్న ఆసామి, వీధికి పెద్దమనిషి. మోచేతి దాకే ఎత్తాడు. ఎత్తాడు మాత్రం.

స్పీడ్ బ్రేకరు వేశారు. దానికి గీతలు గీయకముందే ఒక మధ్యాహ్నం గునపాలతో తవ్వేశారు. చీకట్లో కాదు. చాటుగా కాదు. వీధి మొత్తం అన్నాలు తిని అరుగుల మీద కూర్చున్న వేళ.

ఎవరు తవ్వించారని హెలెన్ ఇల్లిల్లూ అడిగింది.

“మేం పండుకోనింటిమి మేడం.”

“మాకు టీవీ సప్పుడులో వినపడలే.”

“వానకు కొట్టుకపోయిందేమో.”

అప్పటికి నెల రోజులుగా వాన చుక్క లేదు.

స్పీడ్ బ్రేకరు పోతే నో పార్కింగ్ కూడా పోయినట్టేనని వీధి తనకు తానే తీర్పు చెప్పుకుంది. సాయంత్రానికి కార్లు తిరిగొచ్చాయి. మొదట వచ్చింది ఆదినారాయణ కొడుకు మహేష్ తెల్ల కారు. ముందర ఇనుప గార్డు బిగించిన, ఎద్దంత కారు. దాని వెనక మిగతావాళ్ళు తమవి సర్దుకున్నారు. ఒకడు చేసిన తప్పు పదిమందికి సౌకర్యమైతే ఆ వీధిలో అది తప్పు కాదు.

సాలోమోను సారు ఒక్కడే ఊరుకోలేదు. తవ్విన గుంతకు అటొకటి ఇటొకటి సున్నం పూసిన రాళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు. రోజూ తెల్లవారగానే పెడతాడు. పొద్దుగూకగానే ఇంట్లోకి తెచ్చుకుంటాడు. ఆదివారం కూడా మానడు.

*

ఏడు గంటలకు హెలెన్ పోయేసరికి సారును కడప పెద్దాసుపత్రికి తరలించారు. తలకు దెబ్బ. స్పృహ లేదు.

ఒక సున్నపు రాయి గుంత పక్కన ఉంది. రెండోది బడి గోడ దగ్గర నిలిపిన రెండు కార్ల నడుమ పడి ఉంది. సారు పడింది కూడా అక్కడే. ఒక చెప్పు ఇంకా అక్కడే ఉంది. రక్తం చూడ్డానికి వచ్చినవాళ్ళెవరో దాని పక్కనే గుట్కా ఉమ్మిపోయారు.

హెలెన్ మొహం తిప్పుకుంది. రక్తానికి కాదు.

ఎస్ఐ జాన్సన్ టీ తాగుతూ నిలబడి ఉన్నాడు.

“కేసు అయిపోయింది హెలెనమ్మా. నీళ్ళ క్యాన్ల ఆటో. డ్రైవరు ఫరూఖ్. బట్టల మీద రక్తం, ఆటోలో రక్తం. ముందరి లైటు పగిలింది. ఆదినారాయణ మేడమీంచి చూసినాడంట.”

“గుద్దినోడే ఆస్పత్రికి ఎత్తుకపోయినాడా సార్?”

“భయపడి ఎత్తుకపోయింటాడు.”

“భయపడినోడు పారిపోతాడు కదా సార్.”

జాన్సన్ మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

ఆదినారాయణ గేటు దగ్గరే ఉన్నాడు. మడత నలగని పంచె. మెడలో తువ్వాలు.

“మామా, ఏం చూసినావు?”

“మేడ మీద నడుస్తాంటి. ఆ నీళ్ళ ఆటో బాణం మాదిరి వచ్చింది. ధడామని సప్పుడు.”

“ఎన్ని గంటలకు?”

“ఆరూ ఇరవై.”

“మనిషి ఎగిరిపడితే గడియారం చూసినావా?”

“మీరొచ్చి అడుగుతారని చూసినాలే.”

“కిందికి దిగినావా?”

“మోకాళ్ళ నొప్పులు తల్లీ.”

హెలెన్ తలెత్తి చూసింది. వీధిలో మూడు ఇళ్ళకు సీసీ కెమెరాలున్నాయి. ఆమెకు కాస్త ఆశ పుట్టింది. అయిదు నిమిషాల్లో చచ్చింది. మూడు కెమెరాలూ ఎవరి గేటు ముందరి జాగాను వాళ్ళే చూసుకుంటున్నాయి. తమ జాగాలో ఇంకొకడు బండి పెడితే పట్టుకోవడానికి. రోడ్డును చూసే కన్ను వీధి మొత్తానికి ఒక్కటీ లేదు.

మహేష్ నోట్లో బ్రష్‌తో బయటికొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“ఈ కారు ఎప్పటి నుంచి ఈడుంది?”

“రాత్రి పదకొండు నుంచి మేడం. పులివెందులలో ఫ్రెండు పెళ్ళి. తిని వచ్చేసినా. ఇంగ దీన్ని కదిలియ్యలే.”

“పొద్దున సప్పుడు వినపడిందా?”

“ఏసీ ఏసుకొని పండుకోనింటి. మా నాయన లేపితే లేసినా.”

తెల్ల కారు ఇంటి గోడ వారగా, రోజూ ఉండే చోటనే ఉంది. గీత పడలేదు. సొట్ట పడలేదు. హెలెన్ సెల్‌లో ఫోటోలు తీసుకుంది. రక్తం. రాళ్ళు. చెప్పు. రెండు పక్కల కార్లు ఒక్కొక్కటీ. రక్తం చిందిందేమోనని వంగి, చక్రాలు కనపడేటట్టు తీసింది. ఎక్కడా మరక లేదు.

వాకిట్లో మహేష్ తల్లి సుశీలమ్మ కొంగు చేతికి చుట్టుకొని నిలబడి ఉంది.

“సారు బతుకుతాడా మేడం?”

“చెప్పలేమంటాండారు.”

హెలెన్ పక్కింటికి పోయి వచ్చేసరికి మళ్ళీ అడిగింది. జీపెక్కుతుంటే గేటు దాకా వచ్చి ఇంకోసారి అడిగింది.

వీధిలో సారు గురించి అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఈ కుళ్ళు వీధిలో ఒక్కరికైనా మనసుంది, అనుకుంది హెలెన్.

*

“ఆ వీధికి ఎన్ని గంటలకు పోయినావు ఫరూఖ్?”

“ఆరూ ఇరవై మేడం.”

“ఏం చూసినావు?”

“కాలు మేడం. రెండు కార్ల మధ్యలో కాలు. తాగినోడేమో అనుకున్యా. చెప్పు చూసి సారుదని గుర్తు పట్టినా.”

“అరిచినావా?”

“అరిచినా. గేట్లు తెరిచినారు. చూసినారు. మల్లా ఏసుకున్యారు.”

“ఎవురూ చెయ్యి ఎయ్యలేదా?”

“ఒకాయన వచ్చినాడు మేడం. రక్తం టైరుకు తగులుతాదని కారు వెనక్కి తీసుకున్యాడు.”

హెలెన్ రాస్తున్న పెన్ను ఆపి కిటికీ దగ్గరికి పోయింది. గాలి పీల్చుకొని తిరిగొచ్చింది.

“లైటు ఎప్పుడు పగిలింది?”

“పీర్ల పండగప్పుడు జమ్మలమడుగులో. ఎద్దులబండి తగిలింది. ఏపిచ్చుకోవాల, ఏపిచ్చుకోవాల అనుకుంటానే...”

ఆటో స్టేషన్ ఆవరణలోనే ఉంది. హెలెన్ పగిలిన లైటులోకి టార్చ్ వేసింది. లోపల సాలెగూడు. దానికి పట్టిన దుమ్ము. దుమ్ములో ఎండిన ఈగలు.

జాన్సన్‌ను పిలిచి చూపించింది.

“ఒక్క పొద్దులో ఇంత అల్లుతాదా సార్?”

“సాలెపురుగును బోనెక్కిస్తావా హెలెనమ్మా? ఆడ పెద్దమనిషి సాక్షం చెప్పినాడు. రేపు మధ్యాహ్నం కోర్టులో పెట్టాల. రిమాండు. నువ్వు ఎక్కువ ఆలోచన చేయాకు, బీపీ వస్తాది.”

స్టేషన్ మెట్ల మీద ఫరూఖ్ తల్లి అఖ్తర్ బీ కూర్చొని ఉంది. ఏడవడం లేదు.

“నా కొడుకు గుద్దింటే నేనే చెప్పుతో కొడుదు మేడం. వాడు ఎత్తుకపోయినాడు. రోడ్డు మీద మనిషి పడుంటే చూసీచూడనట్టు పొమ్మని నేను నేర్పించింటే, ఈ పొద్దు ఇంట్లో కూచోని అన్నం తింటాండు. నాదే తప్పు.”

సారు పోతే కేసు ఇంకా బరువెక్కుతుంది. ఆ బరువు ఈ కుర్రాడి నెత్తిన పడుతుంది. ఇంకోసారి ప్రొద్దుటూరులో ఎవడూ పడినవాణ్ణి ముట్టుకోడు. రేపు రజిని పడినా అంతే. రెండు కార్ల నడుమ. ఒక కాలు మాత్రం కనపడుతూ.

ఆ సాయంత్రం ఇంట్లో రజిని ప్లేటులో అన్నం కెలుకుతూ కూర్చుంది.

“మా. తిట్టొద్దు. పొద్దున నేను ఆ వీధిలోనే పోయినా.”

హెలెన్ చేతిలో గరిటె ఆగింది.

“ఆరుంబావుకు. లేటయిందని. రోడ్డు ఖాళీగా ఉన్నింది. సారు యాడా కనపడలే మా. ఆయన అప్పటికే ఆడ...”

“తిను,” అంది హెలెన్.

ఆదినారాయణ ఆరూ ఇరవైకి ధడామని విన్నానన్నాడు. ఆరుంబావుకు రోడ్డు మీద సారు లేడు. రాళ్ళు పెట్టడానికి సారు రోజూ వచ్చేది ఆరింటికి ముందే. అంటే అప్పటికే ఆ కార్ల సందులో పడి ఉన్నాడు. తన కూతురు ఆయన పక్కనుంచే పోయింది. రెండు బారల దూరంలో. కార్లు అడ్డం.

ఫరూఖ్ కాదు. అది తేలిపోయింది. మరి గుద్దిన బండి ఎటు పోయింది?

*

సోమవారం పొద్దున్నే హెలెన్ గేటు తీసేసరికి పక్కింటి మస్తానమ్మ చేతిలో ముగ్గు పిండితో, మూతి ముడుచుకొని నిలబడి ఉంది.

“చూడు హెలెనమ్మా. నీ కూతురు బండి తెచ్చి మా వాకిట్లో పెట్టింది. మళ్ళా మళ్ళా చెప్పినా. నేనేమో పద్మం మొదలుపెట్టినా. ఏమైంది? సగం పద్మం. చూసినోళ్ళు నాకు ముగ్గు రాదనుకుంటారు.”

స్కూటీ చక్రం దాకా వచ్చి రేకులు ఆగిపోయి ఉన్నాయి.

“తప్పయింది అక్కా. బండి తీస్తా. దాన్ని తుడిపేసి పూర్తిగా ఏసుకో.”

“తుడుపుతారా ఎవురన్నా? మా ఆయన నైట్ డ్యూటీ ముగించుకొని ఇప్పుడే వచ్చినాడు. మనిషి ఇల్లు చేరినాక, ఏసిన ముగ్గు తుడిపితే కీడు. మీ ఇండ్లల్లో ముగ్గు ఎయ్యరు, మీకు తెల్దులే.”

నిజమే. హెలెన్ ఇంటి ముందర ముగ్గు ఉండదు. వాళ్ళ తాత మిషన్ బడిలో చేరిన కాలం నుంచీ లేదు. ముగ్గును ఆమె రోజూ తొక్కకుండా దాటుతుంది. చూడదు.

స్కూటీ తీయబోయి ఆగింది. సగం పద్మం వైపు చూసింది. చక్రం వైపు చూసింది.

బండి అడ్డముంటే ముగ్గు బండి దగ్గర ఆగిపోతుంది.

సెల్ తీసి నిన్నటి ఫోటోలు వెనక్కి జరిపింది. తెల్ల కారు. వంగి తీసిన ఫోటో. చక్రాల నడుమ, కారు కడుపు కింద చీకట్లో తెల్లగా ఏదో ఉంది. వేళ్ళతో పెద్దది చేసింది.

ఒక రేకు. పక్కన ఇంకొకటి. చుట్టూ ఎర్రమన్ను అంచు. పూర్తి పద్మం.

“అక్కా, కారు కింద ముగ్గు ఎయ్యొచ్చా?”

“పండుకోనా, పాక్కుంటానా?” అంది మస్తానమ్మ.

హెలెన్ జాన్సన్‌కు ఫోన్ చేసింది. అంతా విన్నాడు.

“మహేష్ ఫోన్ టవర్ లొకేషన్ తెప్పీయండి సార్.”

“అది రావడానికి మూడు దినాలు. ఫరూఖ్ మధ్యాహ్నానికి సబ్ జైలు. ముగ్గును నమ్ముకొని పెద్దోళ్ళ మీదికి పోలేం హెలెనమ్మా. మనిషి కావాల. నోరుండే మనిషి. పదిన్నరకు ఆ వీధోళ్ళు బడిలో మీటింగ్ పెట్టుకోనుండారు. ఆడ ఎవురన్నా చెప్తే ఆపుతా. లేదంటే అట్లనే కోర్టుకు.”

*

ఈసారి మీటింగ్ వీధే పిలిచింది. బడి వరండాలో కుర్చీలు వేశారు. లోపల క్లాసులో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. వార్డు సెక్రటరీ మూల కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. “జరిగింది శానా బాధ. అందుకే చెప్తాండా. నీళ్ళ ఆటోలు, కూరగాయల బండ్లు ఇంగ ఈ వీధిలోకి రాకూడదు. అటు ఇటు గేట్లు పెడదాం. మన కార్లు మాత్రం పోనిస్తే సాలు. ఏమంటారు?”

చేతులు లేచాయి. ఆదినారాయణ ఈసారి భుజం దాకా ఎత్తాడు.

హెలెన్ వెనకనుంచి ఆ చేతులను ఒక్కొక్కటిగా చూసింది. ఎత్తినవాళ్ళలో రక్తం తగులుతుందని కారు వెనక్కి తీసుకున్నవాడు కూడా ఉండి ఉంటాడు.

ఆమె ముందుకు నడిచింది. జాన్సన్ గోడకు ఆనుకున్నాడు. బయట జీపులో ఫరూఖ్. పిలవకుండానే అఖ్తర్ బీ వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది.

“ఒక్క నిమిషం. గుద్దిన బండి ఎటు పారిపోయిందా అని రాత్రంతా ఆలోచన చేసినా. ఏ బండీ పారిపోలేదు. అందుకే దొరకలే.”

“అదేంది?” అన్నారెవరో.

“గుద్దినోడు పారిపోలేదప్పా. గుద్ది, పార్కింగ్ చేసుకొని, ఇంట్లోకి పోయి పండుకున్యాడు.”

వరండాలో కుర్చీలు కిర్రుమన్నాయి.

“మహేష్, నీ కారు శనివారం రాత్రి పదకొండు నుంచి ఈడనే ఉందన్నావు. ఇంకా కదల్చలేదు కదా?”

“లేదు మేడం. చూడండి, అట్లనే ఉంది.”

“చూద్దాం. ఎస్ఐ గారూ, ఒక్కసారి దాని కింద చూడండి.”

జాన్సన్ విసుగ్గా రోడ్డు దాటాడు. ప్యాంటు నలగకుండా వంగాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

“ముగ్గుంది,” అన్నాడు తిరిగొచ్చి. “పూర్తి ముగ్గు. దాని అంచు మీద టైరు ఎక్కింది. టైరు గాళ్ళలో పిండి ఉంది.”

మహేష్ నవ్వాడు. “వాకిట్లో ముగ్గుంటే కేసా సార్? శనివారందేమో.”

“శనివారం సాయంత్రం వాన పడింది,” అంది హెలెన్. “గుంతలన్నీ నిండినాయి. వీధంతా కడుక్కపోయింది. మీ ముగ్గు ఒక్కటే గొడుగు పట్టుకోనిందా?”

ఎవరో ఫక్కుమన్నారు. వెంటనే దగ్గుగా మార్చుకున్నారు.

“వాన నిలిచినాక, తెల్లారి ఏసిన ముగ్గు అది. అప్పుడు కారు ఈడ లేదు. ముగ్గేసినాక వచ్చి దాని మీద నిలబడింది. ముందర ఇనుప గార్డు, అందుకే సొట్ట లేదు. ఆ గార్డు ల్యాబుకు పోతాది. తుడిసినా సందుల్లో ఉంటాది రక్తం.”

మహేష్ నవ్వు ఆగిపోయింది.

“ఆడోళ్ళ ముగ్గులతో నా కొడుకును జైల్లో ఏస్తావా?” అన్నాడు ఆదినారాయణ. “ఎప్పుడేసినారో ఎవురు చూసినారు? మా పనిమనిషి రాత్రే ఏసిందేమో. తెచ్చుకో సాక్షిని.”

జాన్సన్ హెలెన్ వైపు చూశాడు. తర్వాత గడియారం వైపు.

హెలెన్ ఆడవాళ్ళ వరుసలోకి నడిచింది. సుశీలమ్మ చివరి కుర్చీలో ఉంది. కొంగు చేతికి చుట్టుకొని ఉంది, నిన్నటిలాగే.

“అమ్మా. నిన్న నన్ను మూడుసార్లు అడిగినావు, సారు బతుకుతాడా అని. మంచి మనసు అనుకున్యా. ఇప్పుడు ఆలోచిస్తే వేరేగా ఉండాది. నా కూతురు గుద్దింటే నేను కూడా అట్లనే అడుగుదు.”

సుశీలమ్మ తల ఎత్తలేదు.

“నీ వాకిలి ఎదురుగానే పడుండాడు ఆయన. నా కూతురు ఆయన పక్కనే బండి మీద పోయింది, చూడలేదు. దానికి కార్లు అడ్డం. నీకు ఏ కారూ అడ్డం లేదు. నీ కొడుకు ఎప్పుడొచ్చినాడు?”



“సుశీలా,” అన్నాడు ఆదినారాయణ. “ఇంటికి పో.”

ఆమె లేచింది. మెట్ల దాకా వచ్చింది. మెట్టు మీద అఖ్తర్ బీ కూర్చొని ఉంది. పక్కకు జరగలేదు. తలెత్తి చూసింది, అంతే. బతిమాలలేదు. తిట్టలేదు.

సుశీలమ్మ అక్కడే నిలబడిపోయింది.

స్పీడ్ బ్రేకరు ఎవరు తవ్వారంటే మాట్లాడని వీధి. ఎవరు గుద్దారంటే మాట్లాడని వీధి. లోపల పిల్లలు ఎనిమిదో ఎక్కం మొదలుపెట్టారు. ఎనిమిది పదులు ఎనభై దాకా చెప్పారు. తొమ్మిదో ఎక్కం మొదలైంది. జీపులో ఫరూఖ్ దగ్గాడు. జాన్సన్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, మళ్ళీ తలకు పెట్టుకున్నాడు. తొమ్మిదో ఎక్కం కూడా అయిపోయింది. హెలెన్‌కు ఆశ సన్నగిల్లింది. ఈమెను తిట్టడానికి కూడా నోరు రావడం లేదు. నిన్న ఫోన్‌లో ముసలాయన అని విని స్తోత్రం చెప్పింది ఈ నోరే కదా.

సుశీలమ్మ రోడ్డు అవతల తెల్ల కారు కిందికి చూస్తోంది.

“ముగ్గేసి చెయ్యి కడుక్కుంటాంటే మావోడు వచ్చినాడు మేడం,” అంది. “సారు పడింది చూసి చీపురు తీసుకున్యా, కారు కిందికి దూర్చి తుడిపేద్దామని. కొడుకు ఇల్లు చేరిన పొద్దు ముగ్గు తుడిపే తల్లి ఉంటాదా?”